బ్రేకులకు విడిగా ఒక పద్దు

చిన్న కారు కొనేటప్పుడు మన లెక్కంతా ఈఎంఐ, మైలేజీ, రీసేల్ చుట్టూనే తిరుగుతుంది. కొన్నాక నెలనెలా పెట్రోలు, ఏడాదికోసారి ఇన్సూరెన్స్ పద్దులోకి ఎక్కుతాయి. బ్రేకుల పేరు మాత్రం ఎక్కడా ఉండదు. సర్వీసు బిల్లు ఎక్కువైందనిపిస్తే 'ఇది వచ్చేసారి చూద్దాం' అని ముందుగా కొట్టేయించేది కూడా వాటినే. నేను నా ఇంటి లెక్కల్లో బ్రేకులకని నెలకు 300 రూపాయలు విడిగా తీసి పెడుతున్నాను. ఏడాదికి 3,600. ప్యాడ్లు అరిగాయని మెకానిక్ చెప్పిన రోజున ఆ డబ్బు సిద్ధంగా ఉండాలి, ఆ నెల స్కూలు ఫీజుతో అది పోటీ పడకూడదు. కారు మీద పెట్టే ఏ ఖర్చునైనా వాయిదా వేయొచ్చు గానీ దీన్ని వేయకూడదని నా గట్టి నమ్మకం. ప్రాణం సంగతి పక్కనపెట్టి ఒట్టి డబ్బు లెక్కలో చూసినా అంతే.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. బ్రేకు సరిగా పట్టక సిగ్నల్ దగ్గర ముందు బండిని మెల్లగా గుద్దారనుకుందాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బంపర్ పగిలింది. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 రూపాయలు, ఐదేళ్లు క్లెయిమ్ లేనందుకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తోంది. క్లెయిమ్ చేశారా, తర్వాతి రెన్యువల్‌కు ఆ బోనస్ సున్నా. ఆపైన ఏటా 20, 25, 35, 45 శాతాల మెట్లెక్కి మళ్లీ 50కి చేరాలి. ప్రీమియం మారదనుకుంటే ఈలోగా వదులుకునే రాయితీ 6,000, 3,600, 3,000, 1,800, 600. మొత్తం 15,000 రూపాయలు. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ తీసుకోకపోతే ప్లాస్టిక్ బంపర్ ధరలో సగం మన జేబులోంచే పోతుంది. చిన్న కారుకు తప్పనిసరిగా భరించాల్సిన 1,000 రూపాయలు దానికి అదనం. ఇంతా అయ్యాక అరిగిన ప్యాడ్లకు పాలసీ ఒక్క పైసా ఇవ్వదు, అరుగుదల దాని పరిధిలోనే లేదు. ఒక్క చిన్న గుద్దుకే నాలుగేళ్లు దాచిన బ్రేకు డబ్బు కన్నా ఎక్కువ పోయింది.

'మా బండి కూరగాయలకీ గుడికీ తప్ప తిరగదు, బ్రేకులు ఎందుకు పాడవుతాయి' అనే మాట తరచూ వినిపిస్తుంది. ప్యాడ్ల వరకు ఆ మాట నిజమే, అవి తిరిగిన కిలోమీటర్లను బట్టి అరుగుతాయి. బ్రేక్ ఆయిల్ అలా కాదు. బండి ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 140 డిగ్రీలే. తిరుమల నుంచి దిగుతూ మలుపు మలుపుకీ పెడల్ తొక్కుతుంటే చక్రాల దగ్గర వేడి పెరుగుతుంది, పాతబడిన ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు కడతాయి. అప్పుడు పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోతుంది, బండి ఆగదు. ఆయిల్ డబ్బా ధర కొన్ని వందలే. రెండేళ్లకోసారి మార్చాలి. పెట్రోలు మిగులుతుందని దిగుడులో ఇంజిన్ ఆపేయడం ఇంకా ప్రమాదం. ఇంజిన్ ఆగితే పెడల్‌ను తేలిక చేసే బూస్టర్‌కు వాక్యూమ్ అందదు, రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఏబీఎస్ ఉందన్న ధీమా కూడా వద్దు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరే కానీ, అది చేసే పని చక్రం బిగుసుకుపోకుండా చూడడం వరకే. అరిగిన ప్యాడ్‌కు అది పట్టు తేలేదు. వేగం ప్రభావాన్నీ అది చెరిపేయలేదు: గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 80లో బ్రేకు వేశాక బండి సాగే దూరం దాదాపు 1.8 రెట్లు.

సర్వీస్ సెంటర్లు అక్కర్లేని పనులు అంటగడతాయన్న అనుమానాన్ని నేను కొట్టిపారేయను. దానికి మందు పని మానేయడం కాదు, చక్రం విప్పించి కళ్లతో చూడడం. ప్యాడ్ మీద అరిగే పొర ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూపించమనండి, మార్చాక పాతవి అడిగి తీసుకోండి. లోపం కంపెనీదైతే ఖర్చు మనమెందుకు భరించాలి అనే ప్రశ్న పూర్తిగా న్యాయమైనది, భరించకూడదు కూడా. వెనక బ్రేకుల్లోని ఒక పిన్ విరిగే అవకాశం ఉందని 2022 అక్టోబరులో మారుతి సుజుకి 9,925 వ్యాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేస్తామంది. కంపెనీ తనంతట పిలవకపోతే ఆదేశించే అధికారం 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల కింద కేంద్రానికి ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు, కానీ ఫిర్యాదుకు కారణం తలెత్తిన రెండేళ్లలోపే. అక్కడ నోటిమాట నిలవదు. అందుకే పెడల్ దిగుతోందని, బ్రేకు వేస్తే కీచుమంటోందని మీరు చెప్పినప్పుడు ఆ మాటలే, ఆ రోజు కిలోమీటర్ల రీడింగుతో సహా, జాబ్ కార్డులో రాయించండి. 'జనరల్ చెకప్' అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.