అరచేతిలో సున్న

అట్టముక్క పైఅంచున, కుడిపక్కన, కందిగింజంత పసుపు మరక ఉండేది. ఒకరోజు పప్పన్నం కలిపిన చేత్తో పట్టుకున్నప్పుడు అంటింది. దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో పెద్దగా నేను రాసిన మాట: ఎలుక. బొమ్మ లేదు. ఎత్తి చూపడం ఆలస్యం, మూడేళ్లు నిండని మా పాప "ఎలుక!" అని అరిచేది. ఇంటికొచ్చిన చుట్టాలు ముక్కున వేలేసుకునేవాళ్లు. "ఇంత చిన్నప్పుడే చదువుతుందా?" అంటే నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఆ నవ్వులో వినయం ఎంత ఉండిందో ఇప్పుడు చెప్పలేను. ఉండి ఉండదు.

అట్టముక్కల ఊహ నాది కాదు, ఫోన్లో చూసిన వీడియోలది. వాటి మూలం వెదుక్కుంటూ పోతే అమెరికాలో గ్లెన్ డోమన్ అనే ఆయన 1964లో వేసిన పుస్తకం దగ్గర తేలాను. పసిబిడ్డకు మాటనే పెద్ద ఎర్రక్షరాల్లో రాసి రోజూ చూపిస్తే చాలు, చదువు దానంతటదే వస్తుందన్నది ఆయన వాదం. లెక్కలకూ అదే తోవ, అట్టల మీద ఎర్ర చుక్కలు. మా ఇంట్లో ఎర్ర చుక్కలకు కొదవేముంది? మా ఆవిడ బొట్టుబిళ్లల ప్యాకెట్లు రెండు ఖాళీ చేశాను. "ఇంకొక్కటి ముట్టుకో, చెప్తాను" అని ఆమె అనేసరికి లెక్క ఇరవై మూడు దాకా వచ్చింది. సంగీతానికి ఫోన్లో తంబూర శ్రుతి, సరళీ వరసలు ఉండనే ఉన్నాయి. పొద్దున ఏడు నుంచి ఏడున్నర దాకా, కర్నూలులో మా ఇంటి వరండాలో చదువుకు పది నిమిషాలు, లెక్కకు పది, పాటకు పది.

ఒక సాయంత్రం బిందె ఒలికి అట్టలన్నీ తడిసిపోయాయి. రంగు కారి ఎలుకా ఏనుగూ ఒకటైపోయాయి. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని కొత్తవి రాశాను. మరునాడు కొత్త "ఎలుక"ను ఎత్తి చూపించాను.

పాప అట్టను కాసేపు వెదికింది. ఆ తర్వాత నా మొహం చూసింది. "ఆవు" అంది. నా కనుబొమలు ముడిపడినట్టున్నాయి. "కాదు కాదు, పిల్లి" అంది. ఇంకా నా మొహంలోకే చూస్తూ ఉంది. నా పెదవులు నాకు తెలియకుండానే "ఎ" అనడానికి సాగాయేమో, "ఎలుక!" అని చప్పట్లు కొట్టింది. నాకు అనుమానం వచ్చింది. తర్వాతి అట్టను నా మొహానికి అడ్డంగా పెట్టుకున్నాను. అవతల నుంచి చప్పుడు లేదు. కాసేపటికి రెండు చిన్న వేళ్లు వచ్చి అట్టను మెల్లగా పక్కకు జరిపాయి. వెనక నా మొహం ఉందో లేదో చూసుకున్నాయి.

ఆ వేళ్లను నేను ఇప్పటికీ మరచిపోలేదు.

బెర్లిన్‌లో వెనకటికి ఒక గుర్రం ఉండేది, దాని పేరు హాన్స్. లెక్కల మాస్టరుగా పనిచేసి విరమించిన విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ దానికి కూడికలు, తీసివేతలు నేర్పాడు. ఎంత అంటే అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. జనం విరగబడి చూశారు. చివరికి ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగే మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. అడిగే మనిషి కనబడకపోయినా తెలియదు. సరైన అంకె దగ్గరికి రాగానే ఎదుటివాడి తలలో, ముఖంలో వచ్చే చిన్న కదలికను పట్టుకుని అది తట్టడం ఆపేసేది. ఓస్టెన్ మోసగాడు కాదు. తన గుర్రానికి లెక్కలొచ్చని మనసారా నమ్మాడు, ఆ నమ్మకాన్ని వదులుకోనూ లేదు. ఈ కథ చదివిన రోజు ఆ ముసలి మాస్టరు నాకు దగ్గరి బంధువులా తోచాడు.

ఒంటరివాణ్ని కాదని తర్వాత తెలిసింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ న్యూమన్ బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల వయసున్న 117 మంది పసివాళ్లను తీసుకుని, కొందరికి ఏడు నెలలపాటు ఇలాంటి చదువు వీడియోలు, అట్టలు ఇచ్చి చూశారు. పిల్లలకు చదవడం రాలేదు. తల్లిదండ్రులు మాత్రం వస్తోందనే నమ్మారు. బిడ్డ మీద ఆశ ఎంత గట్టిదంటే అది కంటికి కనిపించేదాన్ని కూడా మార్చేస్తుంది. పసుపు మరకను అక్షరంగా చూపిస్తుంది.

అయితే నన్ను కుదిపిన ప్రశ్న అది కాదు. చదవడం రాకపోతే ఏం, రేపొస్తుంది. ఆ అరగంటల్లో పాప నిజంగా నేర్చుకున్నదేమిటి? జవాబు సరైతే నాన్న మొహం వెలుగుతుంది, తప్పైతే మసకబారుతుంది. ఈ ఒక్క పాఠం మాత్రం బిడ్డకు కంఠతా వచ్చేసింది. నేర్పినవాణ్ని నేనే. నేర్పుతున్నానని కూడా నాకు తెలియదు.

మా నాయన నాకు ఎక్కాలు నేర్పింది బేతంచెర్ల దగ్గర మా పల్లెలో, నాపబండల వసారాలో. నున్నటి ఆ బండలే మాకు పలక. సుద్దముక్కతో రాయడం, తడిగుడ్డతో తుడవడం. తప్పు రాస్తే చింతబరికె. ఏడో ఎక్కం నా అరచేతికి ఇంకా గుర్తుంది. నా బిడ్డ మీద ఎన్నడూ చెయ్యెత్తనని పెళ్లికి ముందే ఒట్టు పెట్టుకున్నాను. ఎత్తలేదు కూడా. బరికెను అవతల పారేసి వచ్చాననుకున్నాను. మోసుకొచ్చి మొహంలో దాచుకున్నానని ఆ రెండు వేళ్లు చెప్పేదాకా తెలియలేదు.

ఈ అరచేతి కథ మా నాయనతో మొదలైంది కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని వీధిబడుల గురించి వివరాలు రాసి పంపమన్నాడు. మరుసటేడు బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన నివేదిక మన ఇంటి సంగతే. మన ఆదోని, ఆలూరు అప్పట్లో బళ్లారి జిల్లాలోవి, 1953లో గానీ కర్నూలులో కలవలేదు. ఐదేళ్లు రాగానే పంతులూ బడిపిల్లలూ బిడ్డ ఇంటికి వచ్చి, వినాయకుడి ముందు కూర్చోబెట్టి, బియ్యంలో వేలు పట్టి దేవుడి నామాలు దిద్దించేవాళ్లట. మనం నేటికీ చేస్తున్న అక్షరాభ్యాసమే. తర్వాత ఇసుకలో వేలితో రాత. పొద్దున అందరికన్నా ముందు బడికొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లు. రెండోవాడి అరచేతిలో సున్న చుట్టేవాళ్లు, మెప్పూ లేదు, తప్పూ లేదని. మూడోవాడి నుంచి దెబ్బలు, ఒకటి, రెండు, మూడు, వరసగా పెరుగుతూ. పద్యాలు వందలకొద్దీ అప్పజెప్పే ఆ పిల్లలకు అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసునని కూడా కలెక్టరు రాశాడు. సరస్వతి పేరూ దెబ్బా ఒకే అరచేతికి. రెండింటి నడుమ ఒక్క సున్న. ఆ సున్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆ ఎండాకాలం ఊరికి పోయాం. తొలకరి విత్తనానికని మా అమ్మ వసారాలో శెనక్కాయలు ఒలుస్తూ ఉంది. ఒలిచిన గింజల్ని శేరుతో కొలిచి సంచిలో పోసేది. "లాభం... రెండు... మూడు..." కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఆరున్నొకటి అంటారు. పాప పక్కనే కూర్చుని కొబ్బరిచిప్పతో తన గింజలు తాను కొలుచుకుంటూ, "లాభం, రెండు, మూడు..." అని ఆరున్నొకటి దాకా వచ్చింది. నేనుండబట్టలేక, "లాభం కాదమ్మా, ఒకటి. ఆరున్నొకటి కాదు, ఏడు" అన్నాను. పాప నా మొహం చూసింది. చిప్ప కింద పెట్టేసింది.

"నీ ఏడు నీ కాడే పెట్టుకో నాయనా, గింజలు కొలిసే కాడ ఏడుపేల?" అంది మా అమ్మ, తలెత్తకుండానే.

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. లేచిపోయి వాకిట్లో వేపచెట్టు కింద మంచం మీద పడుకున్నాను. నిద్రపోతున్నాననుకుని పాప మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కొలవడం లేదు. ఒక్కో కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి వింటోంది. "రెండు" అంటుంది, పటుక్కున చిదుముతుంది. రెండు. ఇంకొకటి ఆడించి "మూడు" అంటుంది. చిదిమితే రెండే. "హా!" అని తనే ఆశ్చర్యపోతుంది. ఎవరి వంకా చూడలేదు. చూడాల్సిన పని లేదు. తప్పో ఒప్పో కాయే చెబుతోంది. కాయకు కోపం లేదు, మెప్పు లేదు. పొట్టులో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, అంతే.

ఆ రాత్రి రామాలయం ముందు చెక్కభజన. పెద్దవాళ్ల వరస చివర అరడజను మంది పిల్లలు, వాళ్ల చివర మా పాప, చేతిలో రెండు చెక్కపేళ్లు. తాళం తప్పితే తన చప్పుడు ఒంటరిగా వినబడేది, అందరితో కలిస్తే అందులో మునిగిపోయేది. ఎవరూ "తప్పు" అనలేదు. గంట తిరిగేసరికి మునిగిపోవడమే ఎక్కువైంది. వరండాలో నెలల తరబడి సా పా సా అనని బిడ్డ, నిద్రలో కూడా కాలు ఆడిస్తూ తాళం వేసింది. వయొలిన్‌ను పసిపిల్లలకు నేర్పిన జపాన్ గురువు షినిచీ సుజుకి పద్ధతిలో మొదటి పాఠం బిడ్డకు కాదు, తల్లికో తండ్రికో. ఇంట్లో పెద్దవాళ్లు వాయిస్తుంటే చూసి నాకూ ఇమ్మని బిడ్డ చెయ్యి చాపేదాకా ఆగుతారు. అంతదూరం ఎందుకు, మన తాళ్లపాకలో అన్నమయ్య, ఆయన కొడుకు, మనుమడు, మూడు తరాలు సంకీర్తనలు కట్టారు. ఆ ఇంట్లో పాట పాఠంగా కన్నా ముందు గాలిగా ఉండి ఉంటుంది. మా వరండాలో తంబూర ఫోనుది, పాట ఫోనుది. నేను ఎన్నడూ నోరు తెరిచి పాడిందే లేదు.

అట్టలు తప్పని నేననను. చిన్నప్పుడే అక్షరం ముట్టించడం తప్పని అంతకన్నా అనను. ఈ సీమలో చదువు తొందర ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలియనిది కాదు. వానను నమ్ముకుని మూడుసార్లు విత్తనం పోగొట్టుకున్న మా నాయన, బిడ్డనైనా ఈ మట్టి నుంచి గట్టెక్కించాలని బరికె పట్టాడు. కోపం నా మీద కాదు, మబ్బు మీద. ఆ భయమే నాకు ఆస్తిగా వచ్చింది, నేను దాన్ని ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాశాను. మనలో ఎందరి ఇళ్లలో ఏ రంగుతో రాస్తున్నామో. అయినా సేద్యం తెలిసిన మా నాయనే పొలంలో అనేవాడు, పదును చూసి విత్తాల, పొడిదుక్కిలో ఏస్తే గింజ తప్పు కాదు అని. పొలంలో తెలిసింది వసారాలో ఎందుకు గుర్తురాలేదో ఆయన్ను అడగాలనుకునే వయసు నాకొచ్చేసరికి ఆయన లేడు. నాకైతే రెండు చోట్లా గుర్తుండాలి. ఉంటుందని మాటివ్వలేను. నిన్న కూడా ఒకచోట కనుబొమ ముడిపడింది.

ఊరు విడిచే రోజు మధ్యాహ్నం పాప చెంబులో వేలు ముంచి వాకిట్లో నాపబండ మీద రాస్తూ ఉంది. మే నెల ఎండ. గీసిన గీత చివరికి వచ్చేలోపు మొదలు ఆరిపోతోంది. "అ"లాంటిదేదో తిరగేసి రాసింది. దిద్దుదామని వంగేసరికి అక్కడ ఏమీ లేదు, వట్టి బండ. మళ్లీ రాసింది, మళ్లీ ఆరిపోయింది. దిద్దడానికి నాకు ఎండ సందివ్వలేదు. పక్కన కూర్చుని నేనూ చెంబులో వేలు ముంచి నా పేరు రాసుకున్నాను. పాప తన పని ఆపి చూసింది, బండ మీదికి.

"ఇదేం నాన్నా?"

అట్టలు ఎత్తి చూపించిన అన్ని నెలల్లో బిడ్డ నన్ను అడిగిన మొదటి అక్షరం అది. చెప్పాను. విని, తలూపి, నా చెయ్యి లాక్కుని అరచేతిలో తడివేలితో గుండ్రంగా ఒకటి చుట్టింది. సూర్యుడో, శెనక్కాయో, సున్నో నేను అడగలేదు. అది ఆరిపోయేదాకా చెయ్యి అలాగే చాపి ఉంచాను.