తలకిందులైనా ఇంధనం అందాలంటే

రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో ఒకప్పుడు వాయుదూత్ సంస్థ విమానాలు దిగిన రన్‌వే ఉంది. అలాంటి చోట ఎవరైనా కిట్ తెచ్చి సొంతంగా విమానం బిగించుకుని తలకిందులుగా ఎగరేయాలనుకుంటే, అందరి చూపూ ముందుగా ఇంధన ట్యాంకు మీదే పడుతుంది. నిజానికి అది తేలిక పనే. ఆర్‌వీ-8 అనే కిట్ విమానం కట్టేవాళ్లు కొందరు రెక్క ట్యాంకులో కొసన బరువున్న మెత్తటి గొట్టం పెడతారు. ఇంధనం ఎటు జారితే గొట్టం అటే వాలుతుంది. అసలు చిక్కంతా ఇంజిన్‌లో. ఫ్లోట్ కార్బురేటర్ తిరగబడితే పనిచేయదు, ఇంధన ఇంజెక్షన్ కావాలి. పైగా ఇంజిన్ అడుగున సంప్‌లో ఉండే ఆయిల్ పైకి జారి పంపు గాలి పీలుస్తుంది. తలకిందులుగా ఉండే కొన్ని సెకన్లకే ఇంత హంగామానా అంటారేమో. ఆయిల్ ప్రెషర్ పడిపోవడానికి ఆ సెకన్లు చాలు! పోనీ లూపులూ, బ్యారెల్ రోల్సే ముచ్చటైతే, సరిగ్గా తిప్పినంతసేపూ భారం సీటు వైపే ఉంటుంది, మామూలు ట్యాంకే సరిపోతుంది. ఏళ్లు గడిస్తే గట్టిపడే ఆ గొట్టాన్ని మార్చడానికి ట్యాంకు విప్పే బాధా తప్పుతుంది.