తప్పిన గండం, చెప్పని గండం

"ఏం జేసినవ్ బిడ్డా ఇయ్యాల?" అని అమ్మ అడిగింది.

"ఏం లేదమ్మా, ఇంట్లనే ఉన్న. బట్టలు పిండుకున్న" అన్నాను.

పోయిన అక్టోబరులో ఒక శనివారం రాత్రి సంగతి ఇది. అమ్మకి ఏర్గట్లలో ఆదివారం పొద్దున. నిజం ఏంటంటే, ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకి నేను టెక్సాస్‌లో ఒక బుల్లి ఎయిర్‌పోర్టు దగ్గర, నేలకి నాలుగొందల అడుగుల ఎత్తున, ఇంకో విమానం చక్రాల కిందికి పోబోయి బతికాను. బట్టలు పిండుకున్న మాట కూడా నిజమే లెండి, సాయంత్రం :-)

చాలా రోజులుగా ఇది రాయాలా వద్దా అని ఊగిసలాడుతున్నా. ఎందుకు రాస్తున్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది నిజామాబాదు జిల్లాలో ఏర్గట్ల. 2016లో మండలం అయ్యింది, అంతకుముందు మోర్తాడ్ మండలం కింద ఉండేది. ఆర్మూరు చుట్టుపక్కల అందరిలాగే మాదీ పసుపు, మక్కల వ్యవసాయం. మా ఊళ్లో విమానం ఎక్కడమంటే దుబాయో, మస్కటో పోవడమే. విమానం నేర్చుకోవడం అనే మాట నేను ఎవరి నోటా వినలేదు. జక్రాన్‌పల్లిలో ఎయిర్‌పోర్టు వస్తుందని మాత్రం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఇంజినీరింగు, హైదరాబాదులో ఉద్యోగం, ఆ తర్వాత అందరిలాగే అమెరికా. ఇక్కడికొచ్చాక తెలిసింది, సాఫ్ట్‌వేర్ జీతగాడు కూడా వారాంతంలో విమానం నేర్చుకోవచ్చని. మనలాంటి విదేశీయులైతే ముందు వేలిముద్రలిచ్చి, భద్రతా శాఖ అనుమతి తెచ్చుకోవాలి. అది వచ్చిన రోజు నేను చేసుకున్న పండగ వీసా స్టాంపింగ్ అయిన రోజు కూడా చేసుకోలేదు.

సరే, అసలు విషయానికొద్దాం.

అది కంట్రోల్ టవర్ లేని ఎయిర్‌పోర్టు. ఇలాంటివి ఇక్కడ వేలల్లో ఉన్నాయి. ఎవరూ ఎవరికీ అనుమతి ఇవ్వరు. అందరూ ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో "నేను ఫలానా చోట ఉన్నా, ఫలానా వైపు తిరుగుతున్నా" అని చెప్పుకుంటూ, కళ్లు పెట్టి చూసుకుంటూ దిగాలి. మన భాషలో చెప్పాలంటే రన్‌వే ఒక షేర్డ్ రిసోర్స్, దానికి లాక్ లేదు. అందరూ మర్యాదస్తులనే నమ్మకం మీద నడుస్తుంది.

నాది పదకొండో గంట శిక్షణ. సెస్నా 172. దిగడం, చక్రాలు ఆనగానే మళ్లీ ఎగరడం, ఇదే పని. నాలుగో రౌండులో రన్‌వేకి తిరిగే ముందు రేడియోలో చెప్పాను. డ్యాష్‌బోర్డు మీద తగిలించిన టాబ్లెట్ చూశాను, దగ్గర్లో ఏ విమానం బొమ్మా లేదు. తిరిగాను. నా ధ్యాసంతా స్పీడు మీదే ఉంది, ఎందుకంటే అంతకుముందు మూడుసార్లూ స్పీడు ఎక్కువై తిట్లు తిన్నా.

ఎండ ఎడమ పక్క నుంచి కొడుతోంది. కుడి సీట్లో మా ఇన్‌స్ట్రక్టర్. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఉన్నట్టుండి ఆయన కుడి పక్కకి వంగి కిందికి చూశాడు. కింద గడ్డి పొలంలో మా విమానం నీడ మాతో పాటే పరిగెడుతోంది. దాని వెనకాలే ఇంకో నీడ. అది మా నీడకంటే వేగంగా వస్తోంది.

"మై ఎయిర్‌ప్లేన్" అన్నాడు. అంతే. నేను చేతులు తీసేలోపే విమానం కుడికి ఒరిగిపోయింది, ఇంజను గట్టిగా అరిచింది. ఎడమ కిటికీలోంచి చూస్తే పైన తెల్లటి పొట్ట, మూడు చక్రాలు, ఒక చక్రానికి అంటుకున్న గడ్డి. ఆ గడ్డి ఇప్పటికీ కళ్లల్లో ఉంది. ఆ విమానం మమ్మల్ని చూడకుండానే తిన్నగా వెళ్లి దిగిపోయింది. రెంటికీ మధ్య అరవై డెబ్బై అడుగులు ఉండొచ్చని ఆయన అంచనా. ఇక్కడి లెక్క ప్రకారం ఐదొందల అడుగులకంటే దగ్గరికొస్తేనే నియర్ మిస్ కింద రాస్తారు.

ఇదెలా జరిగిందో చూడండి. మాది రెక్కలు పైన ఉండే విమానం, మాకు పైన ఏముందో కనపడదు. ఆయనది రెక్కలు కింద ఉండేది, ఆయనకి కింద ఏముందో కనపడదు. ఆయన దూరం నుంచి తిన్నగా దిగుతూ వస్తున్నాడు. నేను పక్కనుంచి తిరిగి సరిగ్గా ఆయన కిందికి వచ్చాను. ఆయన రేడియో ఇంకా అంతకుముందు దాటి వచ్చిన ఎయిర్‌పోర్టు ఫ్రీక్వెన్సీ మీదే ఉంది. నా టాబ్లెట్‌లో ఆయన కనపడలేదు, ఎందుకంటే తన స్థానాన్ని ప్రసారం చేసే పరికరం లేని పాత విమానాలు ఇంకా ఉన్నాయి. పెద్ద నగరాల చుట్టూ ఉన్న ఆకాశంలో 2020 నుంచి అది తప్పనిసరి, ఇలాంటి పల్లె ఎయిర్‌పోర్టులకి అక్కర్లేదు. అంటే నేను చూసింది "ఎవరూ లేరు" కాదు, "ఎవరూ నాకు చెప్పలేదు". లాగ్స్‌లో ఎర్రర్ లేదంటే సిస్టం బాగుందని కాదు కదా!

కళ్లతో చూసి తప్పుకోవచ్చులే అనుకుంటాం. అమెరికా విమానయాన శాఖ లెక్క ఒకటుంది. ఎదుటి విమానం కనపడ్డాక, అది ఢీకొట్టేలా వస్తోందని గ్రహించి, ఏం చెయ్యాలో తేల్చుకుని, చేసి, విమానం కదిలేసరికి పన్నెండున్నర సెకన్లు. ఇంకో తిరకాసు ఏంటంటే, నిజంగా ఢీకొట్టబోయే విమానం అద్దంలో కదలదు. ఒకే చోట చుక్కలా ఉండి చివర్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. మన కన్నేమో కదిలే వాటినే పట్టుకుంటుంది. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో సరిగ్గా ఇలాంటి టవర్ లేని ఎయిర్‌పోర్టులోనే, ల్యాండింగ్‌లు ప్రాక్టీసు చేస్తున్న సెస్నా 152ని వెనకనుంచి వేగంగా వచ్చిన రెండింజన్ల విమానం ఢీకొట్టింది. ముగ్గురు పోయారు. మాకు ఎండ కాసింది, నీడ పడింది. మబ్బు పట్టిన రోజైతే ఈ టపా ఉండేది కాదు.

దిగాక ఆ పైలట్ మా దగ్గరికి నడిచొచ్చాడు. పెద్దాయన. మొహంలో రక్తం లేదు. సారీ చెప్పాడు. మా ఇన్‌స్ట్రక్టర్ అరుస్తాడనుకున్నా. అరవలేదు. లోపలికి తీసుకెళ్లి ముగ్గురికీ కాఫీ పోసి, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఫారం తెరిచాడు. మొదటి వాక్యం ఇలా టైపు చేశాడు: స్టూడెంట్ స్పీడు గమనిస్తూ నేను బయట చూడాల్సినంత చూడలేదు.

నాకు అర్థం కాలేదు. తప్పు ఆయనది కాదుగా! ఎవరడిగారని తన తప్పు ముందు రాసుకోవడం?

ఆ ఫారం నాసాది. రాకెట్ల నాసానే. 1976 నుంచి వాళ్లొక రిపోర్టింగ్ వ్యవస్థ నడుపుతున్నారు. పైలట్లు, కంట్రోలర్లు, మెకానిక్కులు ఎవరైనా తమ పొరపాట్లు రాసి పంపొచ్చు. పేరున్న ముక్కని వేరు చేసి మనకే తిప్పి పంపేస్తారు. ప్రమాదం జరగకుండా, కావాలని చెయ్యని తప్పయితే, పది రోజుల్లోపు రాసిన వాడికి జరిమానా నుంచి రక్షణ కూడా ఉంది.

అది ఎందుకు పుట్టిందో ఆ రాత్రి కూర్చుని చదివా. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 అనే బోయింగ్ 727 వాషింగ్టన్ దగ్గర డల్లస్ ఎయిర్‌పోర్టుకి దిగుతూ వర్జీనియాలో కొండకి గుద్దుకుంది. 92 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. అప్రోచ్‌కి అనుమతి వచ్చిందంటే ఇంక కిందికి దిగిపోవచ్చని పైలట్లు అనుకున్నారు. కంట్రోలర్ ఉద్దేశం అది కాదు. విచారణలో తేలింది ఏంటంటే, ఆరు వారాల ముందు యునైటెడ్ విమానం ఒకటి అదే చోట, అదే మాటని అలాగే అర్థం చేసుకుని, అదే కొండకి తగలబోయి తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు. కంపెనీ తన పైలట్లందరికీ హెచ్చరిక పంపింది. పక్క కంపెనీ పైలట్లకి మాత్రం అది చేరలేదు.

ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదు. విమానం వల్ల కాదు.

రెండేళ్ల కిందటి సంగతి. ఏ కంపెనీ అని అడక్కండి. ఒక శుక్రవారం సాయంత్రం టెస్ట్ డేటా తుడిచే స్క్రిప్టు నడిపాను. అందులో ఏ సర్వర్ మీద నడపాలో చెప్పకపోతే అది ప్రొడక్షన్ మీద నడుస్తుంది. ఎప్పుడో ఎవరో అలా రాసి పోయారు. నేను చెప్పడం మర్చిపోయా. స్క్రీన్ మీద సర్వర్ పేరు చూసి గుండె ఆగిపోయి కంట్రోల్ సి కొట్టా. అదృష్టం, పోయింది ఒక చిన్న టేబుల్, ఎవరూ వాడనిది. బ్యాకప్ నుంచి తెచ్చి పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్లి పడుకున్నా. "గండం తప్పింది" అనుకున్నా. స్క్రిప్టులో ఆ ఒక్క లైను మార్చాలంటే ఎందుకు మారుస్తున్నావని రివ్యూలో అడుగుతారు కదా. అందుకే మార్చలేదు.

నాలుగు నెలల తర్వాత హైదరాబాదు టీంలో కొత్తగా చేరిన కుర్రాడు నైట్ షిఫ్టులో అదే స్క్రిప్టు అలాగే నడిపాడు. అతను స్క్రీన్ చూడలేదు. కస్టమర్ల ఆర్డర్లు నాలుగు గంటలవి పోయాయి. తెల్లవార్లూ కాన్ఫరెన్స్ కాల్. ఇరవై మంది ఉన్నాం. "ఇంత అజాగ్రత్త ఏంటి, ఎవరైనా ఇలా చేస్తారా?" అని ఎవరో అడిగారు. నేను మ్యూట్‌లో ఉన్నా. మ్యూట్ తియ్యలేదు. ఆ కుర్రాణ్ణి ప్రాజెక్టు నుంచి తీసేశారు, కొన్నాళ్లకి మానేశాడు.

మా ఇన్‌స్ట్రక్టర్‌కి కాఫీ చల్లారేలోపు పట్టిన పని నాకు రెండేళ్లు పట్టింది. సోమవారం మేనేజరుకి మొత్తం రాసి పంపా. ఆయన ఫోన్ చేసి "ఇప్పుడెందుకు తవ్వుతావ్?" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, టీంలో ఇలాంటివి రాసుకోవడానికి ఒక పేజీ పెడదామన్నాడు. ఇప్పటిదాకా అందులో మూడే ఎంట్రీలు, రెండు నావే. ఆ కుర్రాడి నంబరు సంపాదించి అతనికీ మెసేజ్ పెట్టా. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది: "అన్నా, ఆ కాల్‌లో ఒక్క మాట అని ఉంటే బాగుండేది." అంతే. క్షమించాననలేదు. అనాల్సిన పని కూడా లేదు.

ఆ తర్వాతి ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే బాపు ఎత్తిండు. అమ్మ గుడికి పోయిందట. సందు దొరికింది కదా అని మొత్తం చెప్పేశా. తిడతాడనుకున్నా. కాసేపు చప్పుడు లేదు.

"మీ అమ్మకు జెప్పకు" అన్నాడు. మళ్లీ తనే, "నాకు సుత మొన్న బాయికాడ మోటర్ స్టార్టర్ డబ్బ షాక్ కొట్టింది రా. పసుపుకు నీళ్లు పెడదామని పోయిన. చెయ్యి ఇడిపిచ్చుకున్న. ఏం గాలె."

"బాగు జేపిచ్చినవా?"

"ఏం గాలే అంటున్న గదరా."

"బాపూ, ఆ మోటర్ ఇంకెవరు బెడ్తరు?"

మళ్లీ చప్పుడు లేదు. నాకు తెలుసు, చిన్నబాపు కొడుకు పెడతాడు. ఇంటర్ చదువుతున్నాడు. రాత్రిపూట తడి కాళ్లతో పోతాడు.

"ఇయ్యాలనే మెకానిక్ను పిలుస్త" అన్నాడు బాపు.

సాయంత్రం తమ్ముడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. కొత్త డబ్బా, ఎర్తింగ్ వైరు, కింద నిలబడడానికి చెక్క పలక. ఫోటోలో బాపు చెయ్యి సగం పడింది. అరచేతి మీద కాలిన మచ్చ ఇంకా నల్లగానే ఉంది.

అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ వారం చెబుతా, ఇద్దరివీ.