నీకేటి ఇష్టం?



పోయిన భాగంలో మా పేట బావి గురించి సగం చెప్పి ఆపాను. మిగతా సగం వచ్చే వారం రాస్తాను. ఈ మధ్యలో అరకు వెళ్ళొచ్చాను. అక్కడి సంగతి మనసులో వేడిగా ఉండగానే మీతో చెప్పుకోవాలి.

డిసెంబర్ 6, బాబాసాహెబ్ పరినిర్వాణ దినం. అరకులోయలో డిగ్రీ చదువుతున్న పిల్లలు కొందరు కలిసి, వచ్చి మాట్లాడమని ఫోన్ చేశారు. తెల్లవారకుండానే విజయనగరంలో బస్సెక్కాను. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కేసరికి కిటికీ అద్దాలు మంచుకి తెల్లబడిపోయాయి. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, వాటి మీద సిల్వర్ ఓక్ నీడ, చెట్లకు ఎగబాకిన మిరియాల తీగలు. దారి పొడుగునా టూరిస్టు కార్లే. పచ్చగా పూసిన వలిసె చేలో దిగి జనం ఫొటోలు తీసుకుంటున్నారు. చేను గలాయన గట్టు మీద కూర్చుని మనిషికింతని వసూలు చేసుకుంటున్నాడు.

సంచిలో నా ఉపన్యాసం ఉంది. దళితులు, ఆదివాసీలు ఎందుకు కలిసి నడవాలో 22 పేజీలు రాసుకున్నాను. అవి తిరగేయకుండా ఫోన్ చూస్తూ కూర్చున్నాను. తెలిసినవాళ్ళ అబ్బాయి ఒక వీడియో పంపాడు. ఎక్కడో ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి తమకేది ఇష్టమో చెబుతున్నారు. ఒకమ్మాయి ఎకనామిక్స్‌తో పాటు నాటకం చదువుతోందట. ఒకబ్బాయికి తత్వశాస్త్రం, పక్షులు రెండూ ఇష్టమట. సెలవుల్లో అడవికి వెళ్ళి పక్షుల్ని లెక్కపెడతాడట. ఎంత తేలిగ్గా చెబుతున్నారో! ఇష్టం అనేది ఒకటి తమకుందని, దాన్ని ఎదుటివాళ్ళు వింటారని వాళ్ళకి అనుమానమే లేదు.

లిబరల్ ఆర్ట్స్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. చరిత్ర, సాహిత్యం, తత్వం, ఆర్థికం, కాస్త సైన్సు, కాస్త కళ కలిపి, నచ్చింది ఎంచుకుని చదవడం. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో క్రియా ఉంది, హర్యానాలో అశోకా ఉంది. ఏడాదికి ఫీజు లక్షల్లో. దాదాపు ఇదే చదువుని మన ఊళ్ళలో బి.ఏ. అంటాం. బి.ఏ. చదువుతున్నానని చెప్పి చూడండి. "అయ్యో, ఇంకేటీ సీటు రాలేదా?" అంటారు.

హాల్లో 40 మంది దాకా ఉన్నారు. కొందరు డుంబ్రిగుడ నుంచి, కొందరు హుకుంపేట నుంచి, ఇద్దరు ముంచింగిపుట్టు అవతలి నుంచి. ఎక్కువమంది హాస్టల్ పిల్లలు. బాబాసాహెబ్ ఫొటోకి దండ వేశాం. నేను లేచి కాగితాలు తీశాను. ఏమనిపించిందో, మళ్ళీ సంచిలో పెట్టేసి అడిగాను.

"మీకేటి ఇష్టం?"

ఎవరూ మాట్లాడలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలోంచి ఒకబ్బాయి అన్నాడు, "సార్, గ్రూప్స్‌కి ఎలా ప్రిపేరవ్వాలో చెప్పండి."

ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు.

నాది విజయనగరం జిల్లాలో ఒక మాలపేట. నాన్న బుగత ఇంట్లో కంబారి. 1993లో ఇంటర్ పాసై డిగ్రీలో చేరడానికి వెళ్ళాను. ఏ కాలేజీయో ఇప్పుడు అనవసరం. నా మనసంతా స్పెషల్ తెలుగు మీద ఉంది. ఇంటర్‌లో మాస్టారు జాషువా 'గబ్బిలం' గురించి చెప్పినప్పటి నుంచీ నాకు కవిత్వం పిచ్చి. గుమస్తా నా కుల సర్టిఫికెట్ చూశాడు. నా వంక చూడలేదు. దరఖాస్తులో గ్రూపు అన్న గడిలో తనే హెచ్.ఇ.పి. అని రాసేశాడు. "మీవోళ్ళంతా ఇదే తీసుకుంటారు. నోట్సు దొరుకుతాది, పాసైపోతావు" అన్నాడు. నా మంచికే అనుకుని చెప్పాడు. నేను "అలాగేనండి" అన్నాను.

చరిత్ర, ఎకనామిక్స్, పాలిటిక్స్ చదివాను. ఆ చదువే నన్ను ఉద్యమంలోకి తెచ్చింది కాబట్టి దాన్ని తిట్టుకోను. కానీ 30 ఏళ్ళు దాటినా మనసులో ముల్లులా ఉన్నది ఒకటే. ఆ గదిలో నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అడగనిచోట నోరు విప్పడం మా ఇళ్ళలో ఎవరికీ అలవాటు లేదు.

ఇదంతా పిల్లలకి చెప్పాను. తర్వాత తలో చీటీ ఇచ్చి, "పేరు రాయొద్దు, ఇష్టమైంది రాయండి" అన్నాను. పావుగంట తర్వాత చీటీలన్నీ టేబుల్ మీదికొచ్చాయి. ఒక్కొక్కటీ పైకి చదివాను.

ఒక చీటీలో "నిద్ర" అని ఉంది. హాలంతా గొల్లుమంది. కింద ఇంకో వాక్యం ఉంది. శని ఆదివారాలు రిసార్టులో వడ్డన పని, రాత్రి 12 దాటాక వదులుతారు, సోమవారం మొదటి క్లాసులో కళ్ళు మూతలు పడతాయి అని. నవ్వు ఆగిపోయింది. అలా పనికెళ్ళేవాళ్ళు చేతులెత్తండి అన్నాను. 11 చేతులు లేచాయి. బొంగు చికెన్ బండి దగ్గర ఒకడు, టూరిస్టుల ముందు థింసా ఆడే అమ్మాయిలు ముగ్గురు, మిగతావాళ్ళు వంటిళ్ళలో, గదులు తుడిచే పనుల్లో. ఆ వీడియోలో పిల్లవాడి సెలవుకీ వీళ్ళ సెలవుకీ తేడా అదీ.

ఇంకో చీటీ. "మా నాన్న కాఫీ గింజలు అమ్మిన ధర నాకు తెలుసు. రిసార్టులో కప్పు కాఫీ ధర కూడా తెలుసు. మధ్యలో ఏం జరుగుతుందో తెలుసుకోవడం ఇష్టం." అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. ఆ దుకాణానికీ గట్టు మీద నాన్నకీ మధ్య ఉన్న దారిని వెతకడమే ఆర్థికశాస్త్రం. ఈ అబ్బాయికి సిలబస్ చేతికి రాకముందే ప్రశ్న చేతికొచ్చింది.

మరో చీటీ అందంగా, గుండ్రటి అక్షరాలతో ఉంది. "మా అమ్మమ్మ చెప్పే కువి కథలు ఇష్టం. ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. 31 అయ్యాయి. ఇవి ఏ సబ్జెక్టు కిందికి వస్తాయో తెలీదు."

చదివి కాసేపు ఆగిపోయాను. అమ్మా, అది సాహిత్యం. అది భాషాశాస్త్రం. అది మానవశాస్త్రం. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తాం కదా. ఆయన ఈ తూర్పు కనుమల్లోనే పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే మాస్టారు. సవరల మాట చెవిన పడి, ఆ మాట మీద ఇష్టం పుట్టి, ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం వచ్చింది, తర్వాత నిఘంటువు వచ్చింది. ఆయన సవరల ఇంట పుట్టినవాడు కాదు. నువ్వు కువి ఇంటి పిల్లవి. ఆయన దుబాసీని పెట్టుకుని నేర్చుకోవాల్సొచ్చింది. నీకు అమ్మమ్మ ఉంది.

ఇంకొకరు "నాకు టీచర్ ఉద్యోగం ఇష్టం" అని రాశారు. నేను తొందరపడి, "ఉద్యోగం కాదమ్మా, ఇష్టం చెప్పమన్నాను" అనేశాను. రెండో వరసలో ఒకమ్మాయి లేచి నిలబడింది. "అదే నా ఇష్టం సార్. మా ఊరి బడికి ఏ టీచరొచ్చినా మా మాట తెలీదు. చిన్నపిల్లలకి తెలుగు తెలీదు. ఏడాదంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేను అక్కడ నిలబడాల." ఆమెకి క్షమాపణ చెప్పాను. కడుపు నిండినవాడికి ఇష్టం వేరు, ఉద్యోగం వేరు. ఈ పిల్లకి రెండూ ఒకటే.

ఆ ఇష్టం మీద పడిన దెబ్బ కూడా చెప్పాలి. ఏజెన్సీ బళ్ళలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. నూటికి నూరు శాతం చెల్లదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న దాన్ని కొట్టేసింది. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజులవి. రోడ్డు మీదికొచ్చి అడగడానికి కూడా లేదు.

ఒక చీటీ మాత్రం చదవాలా వద్దా అని తటపటాయించాను. "నాకు మోరీ ఊదడం ఇష్టం. మా తాత నేర్పాడు. మేం ఊదితేనే అందరూ ఆడతారు. తిండి దగ్గర మమ్మల్ని వేరేగా కూర్చోబెడతారు." పైకి చదివాను. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. రాసింది వాల్మీకి అబ్బాయి అని అందరికీ అర్థమైంది. కొండ మీద వాల్మీకులు ఎస్టీ జాబితాలో ఉన్నారు. పైడి, పానో, డోమ్ అన్న పేర్లు మా ఎస్సీ జాబితాలో ఉన్నాయి. జాబితాలు వేరైనా తిండి దగ్గర వేరేగా కూర్చోబెట్టడం ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నా 22 పేజీల్లో ఐక్యత గురించి చాలా ఉంది, ఈ సంగతి లేదు. ఇష్టం అడగకపోతే ఇది నాకు తెలిసేదే కాదు.

అప్పుడు బాబాసాహెబ్ గురించి చెప్పాను, అనుకున్నట్టు కాకుండా. ఆయనకి బళ్ళో సంస్కృతం చదవాలని ఉండేది. అంటరానివాడికి చెప్పమన్నారు. పర్షియన్ తీసుకోవాల్సొచ్చింది. అంటే ఆయన మొదటి దెబ్బల్లో ఒకటి ఇదే: నచ్చిన సబ్జెక్టు ఎంచుకోనివ్వకపోవడం. 1913లో కొలంబియా వెళ్ళాక ఆకలిగా చదివారు. ఆర్థికశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం, తత్వం, మానవశాస్త్రం, చివరికి ఫ్రెంచి, జర్మన్ కూడా. కులం ఎలా పుట్టిందో చెప్పే పేపరు 1916 మేలో చదివింది ఒక మానవశాస్త్రం సెమినార్‌లో. ఎకనామిక్స్ విద్యార్థికి అక్కడేం పని అని వాళ్ళెవరూ అనలేదు. అన్నుంటే మనకి ఆ పేపరు ఉండేది కాదు. తర్వాత 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు ఆయన పెట్టింది ఆర్ట్స్, సైన్స్ కాలేజీయే.

మన దగ్గర దారి ఎటు పోతోందో చూడండి. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకటే మేజర్ వచ్చింది. పట్నంలో పెద్ద కాలేజీకి ఇబ్బంది లేదు. చిన్న ఊళ్ళో చాలినంతమంది చేరకపోతే ఆ మేజర్ నడవదు. అప్పుడు పిల్లలు ఉన్నదాంట్లో చేరాలి, లేదా కొండ దిగాలి. గడి నింపే గుమస్తా ఇప్పుడు కనబడడు, అంతే.

కోచింగ్ మానేయమని నేను చెప్పడం లేదు. గ్రూప్స్ రాయండి, డీఎస్సీ రాయండి. మన ఇళ్ళకి జీతం కావాలి. కానీ ఇష్టం డబ్బున్నవాళ్ళ సొత్తని ఒప్పుకోకండి. హాస్టళ్ళకి మాట్లాడటానికి వెళ్ళే సోదరులకి, సోదరీమణులకి ఒక విన్నపం. మైకు తీసుకునే ముందు చీటీలు పంచండి. వాటిలో రాసినదాన్ని మన డిమాండ్లలో చేర్చండి. ఏ మేజర్ కావాలో, లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉండాలో వాళ్ళే రాస్తారు.

ఆఖరి చీటీ మిగిలింది. అందులో ఇష్టం లేదు, ప్రశ్న ఉంది. "మీ పిల్లల్ని ఇలా అడిగారా సార్?"

మా అమ్మాయి బి.టెక్ మూడో ఏడు. చేర్చేటప్పుడు ర్యాంకు చూశాను, ఫీజు చూశాను, ప్లేస్‌మెంట్లు చూశాను. కంప్యూటర్ సైన్స్ అని నేనే చెప్పాను. అది "సరే నాన్నా" అంది.

"అడగలేదు" అన్నాను. టీచర్ అవుతానన్న అమ్మాయే అంది, "అయితే ఫోన్ చెయ్యండి సార్."

సాయంత్రం బస్సులో చేశాను. ఘాట్‌లో సిగ్నల్ లేదు. ఎస్.కోటలో కలిసింది. అడిగాను. "ఇప్పుడెందుకు నాన్నా?" అంది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, "బొమ్మలు వేసేదాన్ని కదా, నీకు గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఆదివారం వస్తానంది. పాత పుస్తకాల పెట్టె దించి, ఆ బొమ్మలు వెతుకుతున్నాను.

జై భీమ్.