సారుకు మాత్రం చెప్పకండి

"కోచ్ సారుకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ." ఇది తండ్రి మాట. ఆయన ఫోనొచ్చి బయటికి వెళ్లగానే పిల్లాడు గొంతు తగ్గించి, "మా నాన్నకు చెప్పకండి సార్" అంటాడు. సాయంత్రానికి కోచ్ దగ్గర్నుంచి ఫోనొస్తుంది: "కుర్రాడికి ఎలా ఉంది సార్? నేను అడిగానని వాళ్ల ఇంట్లోవాళ్లకు చెప్పకండి. ఊరికే గొడవ చేస్తారు."

నేను ఎముకల డాక్టర్ని. బడి మైదానాల నుంచి వచ్చే పిల్లల్ని చూసీ చూసీ నాకు అర్థమైంది ఒకటే. విరిగిన ఎముక తన పని తాను చూసుకుంటుంది, దాని మీద నాకు నమ్మకముంది. ఈ ముగ్గురితోనే నా తంటా అంతా. ముగ్గురికీ పిల్లాడంటే ప్రాణం, పిల్లాడితో సహా. కానీ వాడి నడుంలో ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకోరు. అందరూ నాకు చెప్తారు, చెప్పి ఒట్టు వేయించుకుంటారు.

ఒక ఫాస్ట్ బౌలర్ సంగతి చెప్తాను. పద్నాలుగేళ్లవాడు, వయసుకు మించి పొడుగు. ఆ పొడుగే వాడి కొంప ముంచింది. మన దగ్గర పొడుగ్గా ఉన్న పిల్లాణ్ని చూస్తే చాలు, చేతిలో కొత్త బంతి పెట్టేస్తారు. పొద్దున బళ్లో పీఈటీ సారు దగ్గర బౌలింగ్. సాయంత్రం అకాడమీలో ఇంకో కోచ్ దగ్గర బౌలింగ్. ఆదివారం నాన్న బండెక్కించి తీసుకెళ్లే టోర్నమెంటులో మళ్లీ బౌలింగ్. నాలుగు నెలలుగా నడుం నొప్పి.

"రోజుకు ఎన్ని ఓవర్లు వేస్తాడండీ?" అన్నాను.

"ఆరు. మహా అయితే ఎనిమిది" అన్నాడు తండ్రి ధీమాగా.

కుర్రాడు నేల చూపులు చూస్తున్నాడు. ఎడమ కాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నాను. వంగాడు, సగంలోనే పళ్లు బిగబట్టాడు. "నొప్పిగా ఉందా?" అంటే ముందు నాన్న మొహం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు, "కొంచెం" అన్నాడు. "వాడు కాస్త భయస్థుడు లెండి" అని తండ్రి అందుకున్నాడు. స్కానింగుకు డబ్బు కట్టి రమ్మని ఆయన్ని కిందికి పంపి, ఇప్పుడు చెప్పరా అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బళ్లో ఇన్ని, నెట్స్‌లో ఇన్ని, సారు లేనప్పుడు సీనియర్లకు వేసేవి ఇన్ని. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి, మళ్లీ మొదటికొచ్చాడు. ఆ మూడు చోట్లా ఉన్న ముగ్గురు పెద్దలకూ మిగతా రెండు చోట్ల వాడేం చేస్తున్నాడో తెలియదు. ఎవరికి వాళ్లు తమ దగ్గర తక్కువే వేయిస్తున్నామనుకుంటున్నారు. పాపం, నిజమే కూడా.

జబ్బు చెప్పుకోవాలంటే పెద్దదేం కాదు. నడుం కింది పూసల వెనక భాగంలో ఒక సన్నటి ఎముక ఉంటుంది. ఫాస్ట్ బౌలర్ బంతి వదిలేటప్పుడు నడుం ఒకేసారి వెనక్కి వంగుతుంది, పక్కకు ఒరుగుతుంది, మెలి తిరుగుతుంది. కుడిచేత్తో వేసేవాడికి ఆ భారం ఎక్కువగా ఎడమ వైపు పడుతుంది. పెద్దవాళ్ల ఎముకే తట్టుకోలేక పగుళ్లిస్తుంది. 1973లో వెస్టిండీస్ పర్యటనలో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ కూలబడింది దీనితోనే. మన బుమ్రాకు 2019లో నడుం ఎముకకు పగులొచ్చింది, 2023లో న్యూజిలాండ్ వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇక ఎముక ముదరని పిల్లల మాటేం చెప్పాలి? ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు ఏ వయసు పిల్లాడు ఒక స్పెల్‌లో ఎన్ని ఓవర్లు వేయొచ్చో, రోజు మొత్తంలో ఎన్ని వేయొచ్చో పట్టిక రాసి పెట్టింది. మన దగ్గర పట్టిక లేకపోయినా పర్వాలేదు, వేసినవి కూడటానికి ఒక మనిషి ఉంటే చాలు.

తొలి రోజుల్లో ఎక్స్‌రే చాలాసార్లు శుభ్రంగా ఉంటుంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారండీ" అని దాన్ని చేత్తో ఊపుకుంటూ వస్తారు. ఎంఆర్ఐలో గానీ బయటపడదు. బౌలింగ్ చేసే పిల్లాడు వెనక్కి వంగినప్పుడల్లా నొప్పి అంటున్నాడా, రెండు మూడు వారాలైనా తగ్గలేదా, అది కండరం పట్టడం అనుకోకండి. వీడికి మ్యాచ్ రోజు పొద్దున్నే తల్లి నొప్పి బిళ్ల ఇచ్చేది, అది వాళ్లాయనకు తెలియదు. అకాడమీలో కోచ్ స్ప్రే కొట్టేవాడు, అది తల్లికి తెలియదు. ఇల్లు అంటుకుందని గంట కొడుతుంటే తలో వైపు నుంచీ వచ్చి గంటను పట్టుకున్నారన్న మాట.

మూడు నెలలు బౌలింగ్ బంద్, ఫిజియోథెరపీ, ఆ తర్వాత మెల్లమెల్లగా అని రాశాను. కోచ్ పేర ఒక ఉత్తరం కూడా రాసి ఇచ్చాను.

ఆరు వారాలకు తండ్రి భుజం పట్టుకుని వచ్చాడు కుర్రాడు. ఫైలు తెరిస్తే నా ఉత్తరం అలాగే ఉంది, పెట్టిన పిన్ను పెట్టినట్టే. వచ్చే నెల సెలక్షన్స్ అన్నారట. ఆడాడు. సెలెక్టయ్యాడు కూడా, బాగా వేశాడట. జిల్లా జట్టులో మొదటి మ్యాచ్‌లో రెండో ఓవర్ మధ్యలో కూలబడ్డాడు. ఇప్పుడు పగులు రెండు వైపులా ఉంది. "కోచ్‌కు తెలిస్తే పక్కన పెట్టేస్తాడని..." అని ఆ తండ్రి వాక్యం పూర్తి చేయలేకపోయాడు. నాకు కోపం వచ్చింది. ఆయన చొక్కా జేబులో ఆ సెలక్షన్ లిస్టు మడత చూశాక కోపం కూడా నిలవలేదు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు మరి. స్కూల్ గేమ్స్ వాళ్ల పోటీలు అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని వయసును బట్టి ఉంటాయి. ఒక్క ఏడు తప్పితే ఆ మెట్టు మళ్లీ రాదు. ఒక సర్టిఫికెట్ ముక్క రేపు స్పోర్ట్స్ కోటాలో సీటు అవుతుందని ఆ ఇంటి ఆశ. అటు పీఈటీ సారు బడి మొత్తానికి ఒక్కడు. జట్టు ఓడితే హెడ్మాస్టరు మాట అంటాడు, పిల్లాడు పడితే ఊరు మాట అంటుంది. నొప్పి అని చెప్పిన పిల్లాడి చోటు పదిలంగా ఉంటుందని ఎవరైనా ఒక్కసారి పైకి చెప్పి ఉంటే, ఆ ఉత్తరం పిన్ను ఊడేదేమో. ఆ కుర్రాడు ఇప్పుడు బంతి ముట్టుకోడు. బ్యాటింగ్ చేస్తున్నాడు, బాగానే ఆడతాడంటున్నారు.

దీనికి పూర్తిగా తిరగేసిన కేసులూ వస్తాయి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లాడికి మోకాలి చిప్ప కింద బొడిపె లేస్తుంది, ముట్టుకుంటే నొప్పి. ఇంట్లోవాళ్లు క్యాన్సరని రాత్రంతా ఏడ్చి వస్తారు, కోచ్ మాత్రం వీడికి ఒళ్లు వంగదు అంటాడు. రెండూ కాదు. ఆస్‌గుడ్ అనే అమెరికన్ డాక్టరూ, ష్లాటర్ అనే స్విట్జర్లాండ్ డాక్టరూ 1903లో ఎవరికి వారు దీన్ని రాసి పెట్టారు. ఎముక పెరిగే వయసులో కండరం లాగే చోట వచ్చే నొప్పి. పరుగులూ గెంతులూ కొన్నాళ్లు తగ్గించుకుంటే చాలు, ఎదుగుదల ఆగాక నొప్పి పోతుంది. బొడిపె ఉండిపోవచ్చు, ఉంటే ఉండనీయండి. ఆట మాన్పించేయకండి. ఇది ఇంట్లోవాళ్లకూ కోచ్‌కూ విడివిడిగా రెండుసార్లు చెప్పాలి. ఒకరు చెప్తే ఇంకొకరు నమ్మరు.

ఆడపిల్లల కబడ్డీ నుంచి వచ్చేవి ఎక్కువగా మోకాళ్లే. పదో తరగతి అమ్మాయి, కూతకు వెళ్లి చటుక్కున వెనక్కి తిరిగింది. టప్‌మని చప్పుడు తనకే వినపడిందట. సాయంత్రానికి మోకాలు ఇంత లావైంది. అలా జరిగితే లోపల లిగమెంటు తెగిందేమోనని అనుమానించాలి. వాళ్ల ఊళ్లో నూనె పెట్టి తోమించారు, కట్టు కట్టించారు, వాపు తీసింది. వాపు తీస్తే తగ్గినట్టే కదా మన లెక్కలో! మూడు వారాలకు మళ్లీ బరిలోకి దిగింది, మళ్లీ మోకాలు జారింది. ఈసారి లోపలి మెత్తటి చక్రం కూడా చిరిగింది. ఆపరేషన్ చేశాం, తొమ్మిది నెలల దాకా ఆట లేదన్నాం.

ఆ కోచ్ మంచివాడు. బస్సెక్కి తనంతట తాను వచ్చాడు. "నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఆడించేవాణ్నా తల్లీ?" అన్నాడు, గొంతు పూడుకుపోయింది. అమ్మాయి మంచం మీద దుప్పటి అంచు మెలిపెడుతూ, "పోయినేడు కాలు నొప్పి అన్నందుకు అక్కను అందరి ముందూ నాటకాలాడకు అన్నారు కదా సార్" అంది. ఆయనకు గుర్తు కూడా లేదు. ఆ రోజు వరసలో నిలబడ్డ పన్నెండు మందికీ గుర్తుంది. అప్పట్నుంచి ఆ జట్టులో ఎవరికీ ఏ నొప్పీ రాలేదు.

అలాంటి పిల్లలకు ధైర్యం చెప్పడానికి బ్యాడ్మింటన్ గోపీచంద్ కథ ఎత్తుకుంటాను. ఎప్పుడూ అదే ఎత్తుకుంటాను, మా నర్సులకు కంఠతా వచ్చేసింది. 1994లో మోకాలి లిగమెంటు తెగినవాడు, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. మధ్యలో ఉన్న ఏడేళ్లనూ వేళ్లు మడిచి చూపిస్తాను. స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్‌కైతే 2019లో కుడి మోకాలు, 2021లో ఎడమ మోకాలు, 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో గెలుపు అంచున మళ్లీ కుడి మోకాలు. ఆ రోజు ఎదురుగా ఆడిన చైనా అమ్మాయి హే బింగ్‌జియావో వెండి పతకం అందుకునేటప్పుడు చేతిలో స్పెయిన్ బ్యాడ్జి పట్టుకుని నిలబడింది. 2016 రియో ఫైనల్లో మన సింధు ఓడిపోయి కూడా, కింద పడి ఏడుస్తున్న మారిన్ దగ్గరికి వెళ్లి లేవదీసింది, ఆమె రాకెట్ తీసి సర్దింది. పక్కన ఉన్నవాళ్లెవరూ నేర్పి పంపిన పనులు కావవి, అప్పటికప్పుడు చేసినవి.

మా క్యాజువాలిటీలోనూ అలాంటివాణ్ని చూశాను. పద్నాలుగేళ్ల లోపు కబడ్డీ, మోచేతి దగ్గర ఎముక విరిగిన కుర్రాణ్ని ఆటోలో తెచ్చారు. వెంట ఇంకొకడు, వేరే రంగు బనీనులో, దెబ్బ తగిలినవాడి చెప్పులు గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. "నువ్వెవరివిరా?" అన్నాను. "నేనే పట్టాను సార్" అన్నాడు. కట్టు వేసినంతసేపూ అక్కడే ఉన్నాడు. బయట వరండాలో రెండు ఊళ్ల పెద్దలూ ఆ పాయింటు ఎవరిదో తేల్చుకుంటున్నారు. సెల్‌ఫోన్లలో వీడియో వెనక్కీ ముందుకూ తిప్పుతున్నారు. రిఫరీగా ఉన్న పీఈటీ సారు పక్క మంచం మీద, కనుబొమ్మ చీలి. ఎవరో నీళ్ల సీసా విసిరారట, నిండు సీసా. నాలుగు కుట్లు వేశాను. విసిరినాయన ఎవరని అడిగితే, "వద్దులెండి సార్, వాళ్లబ్బాయి నా జట్టే" అన్నాడు.

ఇప్పుడు నేను ఉత్తరాలు రాయడం మానేశాను. పిల్లాడూ, తండ్రీ సరేనంటే వాళ్ల ముందే కోచ్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెడతాను. నొప్పి సంగతి పిల్లాడి చేతే చెప్పిస్తాను. మొదట ఎవరూ నోరు విప్పరు, గోడ మీద అస్థిపంజరం పటం చూస్తుంటారు. తర్వాత ఒక్కొక్కటే బయటికొస్తుంది. "అదేంటి, ఆదివారం కూడా వేస్తున్నాడా? నాకు తెలియదే!" అంటాడు కోచ్. "మీరు రోజూ గంటసేపు వేయిస్తున్నారని మాకు మాత్రం తెలుసా?" అంటాడు తండ్రి. రెండు నిమిషాలు కీచులాడుకోనిస్తాను. ఆ తర్వాత నేను అడిగే మొదటి ప్రశ్న కోచ్‌కే: "వీడి చోటు వీడికి ఉంటుందా?" ఆయన ఉంటుందని పిల్లాడు వినేలా అనాలి. అప్పటిదాకా మందు చీటీ రాయను.

మొన్న ఒకాయన ఇదంతా అయి, చీటీ తీసుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "డాక్టరుగారూ, అన్నీ ఒప్పుకున్నాం కానీ, ఈ ఆదివారం ఫైనల్ ఒక్కటీ... సారుకు తెలియకుండా..."

బల్ల మీద నుంచి ఫోన్ పలికింది. "ఏమండోయ్, నేనింకా లైన్లోనే ఉన్నాను."