హైదరాబాదీ ఓటు హర్భజన్‌కి

సింగపూర్‌లో మనవాళ్ళు కలుసుకున్నప్పుడు మాటలు ఒక వరసలో నడుస్తాయి. ఈస్ట్ కోస్ట్ పార్కులో బార్బెక్యూ అనుకోండి. ముందు పులిహోర, గోంగూర డబ్బాలు తెరుచుకుంటాయి. ఇళ్ళ అద్దెలు, పిల్లల పీఎస్ఎల్ఈ, ఊళ్ళో పెద్దవాళ్ళ ఆరోగ్యాలు అయ్యాక, బొగ్గులు సరిగ్గా రాజుకునే వేళకి ఎవరో ఒకరు "2001" అంటారు. ఇక చికెన్ మాడిపోయినా పట్టించుకునే నాథుడుండడు.

ప్రశ్న ఒకటే. 2001 ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్టీవ్ వా జట్టు మన దేశానికి వచ్చి మూడు టెస్టులు ఆడింది కదా, ఆ సిరీస్ మొత్తమ్మీద గొప్ప ఆటగాడెవరు?

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. కాబట్టి నా ఓటు లక్ష్మణ్‌కే అని అందరూ ముందే లెక్కేసుకుంటారు. నా ఓటు మాత్రం హర్భజన్ సింగ్‌కి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఈ మాట మొదటిసారి అన్నప్పుడు విజయవాడ మిత్రుడొకడు చేతిలో ప్లేటు కింద పెట్టేసి, "నువ్వు అసలు హైదరాబాద్ వాడివేనా గురూ?" అన్నాడు. లక్ష్మణ్ తల్లిదండ్రులు విజయవాడలో పేరున్న డాక్టర్లు. అందుచేత ఆయన మీద సగం హక్కు తమ ఊరిదని వాడి పట్టు.

అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఈ పత్రిక చదువుతారు కనుక కథ క్లుప్తంగా చెప్తాను. ముంబయిలో మొదటి టెస్టు మూడు రోజుల్లోనే, పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. అది ఆస్ట్రేలియాకి వరసగా 16వ గెలుపు. కోల్‌కతాలో వాళ్ళు 445 కొడితే మనం 171కే కుప్పకూలి ఫాలో ఆన్ ఆడాం. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 చేసిన లక్ష్మణ్‌ని రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలో పంపారు. ద్రావిడ్ ఆరుకి దిగాడు. మార్చి 14న వీళ్ళిద్దరూ రోజంతా ఆడారు, ఒక్క వికెట్ పడలేదు. నేనప్పుడు ఎంసీఏ చివరి సంవత్సరం. ఆ రోజు మా కాలేజీలో హాజరు ఎంతో మీరే ఊహించుకోండి. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, ఇద్దరి భాగస్వామ్యం 376. మర్నాడు టీ వేళకి ఆస్ట్రేలియా 3 వికెట్లకి 161. డ్రా అనుకున్నాం. ఆఖరి సెషన్‌లో ఏడు వికెట్లూ రాలిపోయి 171 పరుగుల తేడాతో గెలిచాం. తర్వాత చెన్నైలో రెండు వికెట్ల తేడాతో గట్టెక్కాం, గెలుపు పరుగులు కొట్టిందీ హర్భజనే.

ఇక నా లెక్క. వృత్తి రీత్యా ఎక్సెల్ తెరవకుండా నాకు ఏ వాదనా చెయ్యడం రాదు, మా ఆవిడ కంప్లయింట్ కూడా అదే. ఆ సిరీస్‌లో మనం పడగొట్టిన ఆస్ట్రేలియా వికెట్లు మొత్తం 50. అందులో 32 హర్భజన్‌వి. గెలిచిన రెండు టెస్టుల్లోనే తీసుకుంటే 40కి 28. మిగతా మన బౌలర్లలో ఏ ఒక్కరూ మూడుకి మించి తియ్యలేదు. జట్టు చేసిన 1879 పరుగుల్లో లక్ష్మణ్ వాటా 503, అంటే సుమారు 27 శాతం.

"ఇదేం పోలిక?" అంటాడు మా విజయవాడ మిత్రుడు. "పరుగులు పదకొండు మంది పంచుకుంటారు, వికెట్లు నలుగురో అయిదుగురో. శాతాలు పక్కపక్కన పెడితే ఎలా?" న్యాయమైన ప్రశ్నే. అందుకే నేను పక్కవాళ్ళని చూస్తాను. లక్ష్మణ్ పక్కన ద్రావిడ్ 338, టెండూల్కర్ 304 చేశారు. బరువు మొయ్యడానికి ఇంకో రెండు భుజాలున్నాయి. హర్భజన్ పక్కన ఎవరున్నారు? భుజం గాయంతో కుంబ్లే లేడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒక్కడే, ఎదురుగా హేడెన్, వా సోదరులు, పాంటింగ్, గిల్‌క్రిస్ట్. 281 లేకపోతే కోల్‌కతా టెస్టు ఓడిపోయేవాళ్ళం, ఒప్పుకుంటాను. కానీ 281 ఉండి కూడా, హర్భజన్ తీసిన 13 వికెట్లు లేకపోతే అది డ్రా. చెన్నైలో ఆయన ఇంకో 15 తీశాడు.

మా వాదనలో మూడో పక్షం కూడా ఉంది. మేమంతా బాబాయిగారు అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు, ఇక్కడికి వచ్చి ముప్ఫయ్యేళ్ళు దాటింది. 1999 సెప్టెంబరులో కల్లాంగ్ మైదానంలో భారత్, వెస్టిండీస్, జింబాబ్వే ఆడిన టోర్నీ ఫైనల్‌ని ఆయన కళ్ళారా చూశారు. ద్రావిడ్ 103 నాటౌట్. ఆ ఇన్నింగ్స్ ఎవరికీ గుర్తులేదు, ఎందుకంటే తర్వాత రికార్డో పావెల్ వచ్చి 124 బాది కప్పు పట్టుకుపోయాడు. "ఏమయ్యా, ఆ 180 మాట ఒక్కడూ ఎత్తడేం? అవతలి ఎండులో మనిషి నిలబడకపోతే మీ లక్ష్మణ్ ఎవరితో ఆడేవాడు?" అంటారు. మేం సర్దుకునేసరికి ఆయన ప్లేటులోకి ఇంకో లెగ్ పీసు వచ్చి చేరుతుంది.

గొప్ప ఇన్నింగ్స్ ఏదని అడిగితే నాకు రెండో మాట లేదు, 281. 2018లో వచ్చిన ఆత్మకథకి లక్ష్మణ్ ఆ అంకెనే పేరుగా పెట్టుకున్నాడు. కానీ మనం అడుగుతున్నది గొప్ప ఇన్నింగ్స్ గురించి కాదు. సిరీస్ మొత్తం గురించి. మనవాడి పేరు వచ్చేసరికి ఈ రెండు ప్రశ్నలూ కలిసిపోతాయి.

నాకు ఇందులో అంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టులో ఏడాది చివర నా టీములో ఒక్కరికే అత్యుత్తమ రేటింగ్ ఇవ్వాల్సి వచ్చింది. రెండు పేర్లు మిగిలాయి. ఒకడు మన తెలుగు కుర్రాడు, సిస్టమ్ మొత్తం పడిపోయిన రాత్రి తెల్లవార్లూ కూర్చుని నిలబెట్టాడు. క్లయింటు పెద్దవాళ్ళందరికీ వాడి పేరు తెలిసింది. రెండో ఆవిడ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన టెస్టర్. ఏడాది పొడుగునా విడుదలైన ప్రతి వెర్షన్‌లోనూ పెద్ద తప్పులన్నీ ముందే పట్టుకున్నది ఆవిడే, మిగతావాళ్ళంతా కలిపి పట్టినవి ఆవిడ పట్టినవాటిలో సగం ఉండవు. రేటింగ్ ఆవిడకిచ్చాను. కుర్రాడు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒక పూజ భోజనాల దగ్గర, "మనవాడికి మనమే చెయ్యకపోతే ఎలా అన్నయ్యా?" అని ఒకరు అడిగారు. ఏమీ అనకుండా పప్పు వడ్డించుకున్నాను. వాడి వీసా సంగతీ, ఇక్కడి పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు సంగతీ నాకు తెలియనివి కావు. ఇప్పటికీ మళ్ళీ రాయమంటే ఆ పేరే రాస్తాను, అయినా ఆ ప్రశ్న విన్న రోజు అన్నం సహించలేదు.

అమెరికాలోనూ ఈ గొడవ ఉంది, కాకపోతే అక్కడ బేస్‌బాల్‌తో. మా బావమరిది డెట్రాయిట్‌లో ఉంటాడు. 2012లో వాళ్ళ టైగర్స్ ఆటగాడు మిగెల్ కాబ్రెరా తన లీగ్‌లో బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు మూడింటిలోనూ మొదటివాడయ్యాడు. 1967 తర్వాత ఎవరికీ సాధ్యం కానిది. ఇటుపక్క ఏంజెల్స్ కుర్రాడు మైక్ ట్రౌట్. అంకెలు తెలిసినవాళ్ళు ట్రౌట్ అన్నారు. వాళ్ళ కొలత ఏమిటంటే, ఆ మనిషిని తీసేసి మామూలు రిజర్వు ఆటగాణ్ణి పెడితే జట్టు ఎన్ని గెలుపులు పోగొట్టుకుంటుంది అని. ఓటు వేసిన విలేకరులు 28 మందిలో 22 మంది కాబ్రెరాకే మొదటి స్థానం ఇచ్చారు. టైగర్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది, ఏంజెల్స్ వెళ్ళలేదు అన్నది ఒక కారణం. తమాషా ఏమిటంటే ఆ ఏడు ఏంజెల్స్ 89 ఆటలు గెలిచింది, టైగర్స్ 88. మా బావమరిది ఈ అంకె మాత్రం వినపడనట్టు నటిస్తాడు.

ఆ కొలతని నేను 2001కి వేసి చూశాను. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కుంబ్లే బాగుంటే హర్భజన్ జట్టులోకి వచ్చేవాడా అన్నదే అనుమానం. కోల్‌కతాలో మూడో స్థానానికి లక్ష్మణ్ కూడా ద్రావిడ్‌కి బదులుగా వెళ్ళినవాడే. ఏ రిజర్వు ఆటగాడితో కొలవాలి అనుకున్నామో వాళ్ళే మనల్ని గెలిపించారు. ఇది విన్నప్పుడు విజయవాడ మిత్రుడు మొదటిసారి నవ్వాడు.

ఇంకో మాట. సిరీస్‌లో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసింది మాథ్యూ హేడెన్, 549. సగటు 109.80. చెన్నైలో డబుల్ సెంచరీ చేసి కూడా ఓడాడు. ఆయన పేరు మా బార్బెక్యూలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఓడిన జట్టువాడు, పైగా పరాయివాడు.

లక్ష్మణ్ అభిమానులకి నా సలహా ఒకటుంది. 2001ని వదిలెయ్యండి, అంతకు ముందు సీజన్‌కి రండి. 1999-2000 రంజీ ట్రోఫీలో లక్ష్మణ్ 9 మ్యాచుల్లో 1415 పరుగులు చేశాడు, 8 సెంచరీలు. కర్ణాటక మీద సెమీఫైనల్లో 353. ఒక రంజీ సీజన్లో అన్ని పరుగులు అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు, తర్వాతా చెయ్యలేదు. 2015-16లో శ్రేయస్ అయ్యర్ 1321 దాకా వచ్చాడు, 2018-19లో సిక్కిం తరఫున మిలింద్ కుమార్ 1331 దాకా. అంతే. ఆ సీజన్ గొప్ప ఆటగాడెవరని అడిగితే నా ఎక్సెల్ కూడా లక్ష్మణ్ పేరే చెప్తుంది. ఫైనల్లో హైదరాబాద్ ముంబయి చేతిలో ఓడిపోయింది. ఓడినా చెప్తుంది.

మొన్న ఇదే చెప్పాను. విజయవాడ మిత్రుడు కాసేపు బొగ్గులు కెలికి, "అది ఎవరు చూశారు గురూ?" అన్నాడు.

నేనూ చూడలేదు. రోజూ పొద్దున్నే హాస్టల్ మెస్‌లో ఇడ్లీ పళ్ళెం పక్కన పేపరు పరుచుకుని, ఆటల పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉండే స్కోరు వెతుక్కునేవాణ్ణి. ఆయన పేరు పక్కన మూడంకెల సంఖ్య ఉందో లేదో చూసి, తర్వాత ఇడ్లీ తినేవాణ్ణి.