పొట్లం కట్టడం నేర్చుకున్నాను

తెలుగు పండితుడికి లినక్సుతో పనేమిటని మా ఇంట్లోవారే అడుగుతుంటారు. పాలకొల్లులో కాలువగట్టున కూర్చుని, అరవై దాటిన వయసులో, సాఫ్టువేరును ప్యాకేజీగా కట్టే నియమాలు చదువుకునేవాణ్ని చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. నాకీ చదువు సరదాకొద్దీ అబ్బినది కాదు. ఒక తప్పు చేసి, దాని వెనుక నేర్చుకున్నాను. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

2011లో, నేనింకా బడిలో ఉండగా, పదవ తరగతి పిల్లలచేత మా ప్రాంతపు వృత్తిపదాలు సేకరింపజేశాను. బోదె, తూము, లాకు వంటి కాలువ మాటలు. దింపు, వలుపు, గెల, మట్ట వంటి కొబ్బరితోట మాటలు. పిల్లలు ఆ పనులు చేసేవారి దగ్గరకే వెళ్లి, అడిగి, రాసుకుని వచ్చేవారు. కొందరి గొంతులను సెల్‌ఫోనులో పట్టి తెచ్చారు. తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్టువేరునే తెచ్చి, బడిలోని ఒక పాత కంప్యూటరులో పెట్టి, రెండేళ్లలో ఆరువందల పైచిలుకు మాటలు చేర్చాం.

2013 వేసవి సెలవుల్లో దాన్ని కొత్త కూర్పుకు మార్చబోయాను. పాత ఫోల్డరును మొత్తంగా చెరిపి, కొత్తదాన్ని అదే చోట విప్పాను. మాటలూ వాటి అర్థాలూ డేటాబేసులో వేరుగా ఉన్నాయి గనుక దక్కాయి. మేము ఎక్కించిన బొమ్మలూ గొంతులూ మాత్రం ఆ ఫోల్డరులోనే ‘ఇమేజెస్’ అనే పేరుతో ఒక మూల ఉన్నాయని నాకు తెలియదు. అవన్నీ పోయాయి. వేరే ప్రతి లేదు. పిల్లలు తమ ఫోనుల్లోంచి ఎప్పుడో తీసివేసుకున్నారు. పోయినవాటిలో ఒక దింపు కార్మికుడి గొంతు ఉంది. నలభై ఏళ్లు కొబ్బరిచెట్లు ఎక్కిన మనిషి. ‘దింపు’ అన్న ఒక్క మాటను వివరిస్తూ నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఆ ఏడు సంక్రాంతికి ముందే ఆయన కాలం చేశాడు. మళ్లీ వెళ్లి అడుగుదామంటే మనిషి లేడు.

మరుసటి పండుగకు బెంగళూరు నుండి వచ్చిన నా పూర్వవిద్యార్థి ఒకడు అంతా విని, కాసేపు ఊరుకున్నాడు.

“మాస్టారూ, ఇల్లూ, ఇంటి దస్తావేజులూ, ఇంట్లో మనుషులూ అంతా ఒకే గదిలో ఉండిపోయారండి. గది పడగొడితే ఏం మిగులుతుందండి?”

“మరెలా ఉంచాలిరా?”

“డెబియన్ వాళ్లు ఎలా ఉంచుతారో చూపిస్తానండి.”

డెబియన్ 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన లినక్సు పంపిణీ. ఉబుంటు దీని మీదనే వెలిసింది. ఇందులో ప్రతి సాఫ్టువేరూ ఒక ప్యాకేజీగా వస్తుంది. నేను దాన్ని పొట్లం అంటాను. కిరాణా కొట్టులో పొట్లం కట్టినట్టే, లోపలి సరుకు పాడవకుండా, పక్క సరుకుతో కలవకుండా కట్టడమే దాని విద్య.

మామూలు సాఫ్టువేరుకు పొట్లం కట్టడం కొంత తేలిక. జాలంలో నడిచే సాఫ్టువేరుతోనే చిక్కు. దానికి వెబ్ సర్వరుతో పొత్తు, డేటాబేసుతో పొత్తు, రహస్యపదాలుంటాయి, వచ్చినవారు ఎక్కించే దస్త్రాలుంటాయి. రచయితలు చాలామంది అన్నింటినీ ఒకే మూటగా ఇచ్చి, విప్పి వాడుకోమంటారు. డెబియన్ నియమం ఆ మూటను మూడుగా విడదీస్తుంది. రచయిత రాసిన భాగం యూఎస్ఆర్ అనే చోట ఉంటుంది. యంత్రం నడిపేవాడు చేసుకున్న అమరికలు ఈటీసీలో ఉంటాయి. వాడుకరులు కూడబెట్టినది వార్‌లో ఉంటుంది. కొత్త కూర్పు వచ్చినప్పుడు మొదటి భాగం మాత్రమే మారుతుంది. రెండవదానిలో మనం ఏదైనా దిద్ది ఉంటే, మనల్ని అడగకుండా దాన్ని చెరపకూడదు. మూడవదాని జోలికి పోనే కూడదు. డెబియన్‌లోని మీడియావికీ పొట్లంలో ఎక్కించిన బొమ్మలు వార్ కిందనే ఉంటాయి. నేను ఆనాడు ఆ పొట్లాన్నే వాడి ఉంటే, ఆ గొంతు నేటికీ వినిపించేది.

ఇందులో రక్షణ కూడా ఉంది. రచయిత రాసిన భాగంలో వెబ్ సర్వరుకు రాసే హక్కు ఇవ్వరు. ఏదో కన్నంగుండా దొంగ చొరబడినా సాఫ్టువేరునే తిరగరాయడం అతనికి తేలిక కాదు. పదిమందికీ పనికివచ్చే ఉపకరణాలను ఏ పొట్లానికి ఆ పొట్లం తనలో ఇముడ్చుకోకుండా, వేరే పొట్లంగా ఉన్నదాని మీద ఆధారపడాలన్నది మరొక నియమం. లోపం బయటపడితే ఒక్కచోట దిద్దితే చాలు. ఏ భాగం ఎవరు రాశారో, ఏ షరతులతో ఇచ్చారో తెలిపే పత్రం ప్రతి పొట్లంలోనూ ఉండి తీరాలి. డెల్టాలో పుట్టినవాణ్ని గనుక నాకు ఇది వెంటనే అర్థమైంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన నాటి నుండి మా రైతులకు తెలిసిన సంగతే: పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు. రెండూ కలిస్తే చేను దక్కదు.

2017లో పదవీ విరమణ చేశాక, మా పదకోశానికి మేమే ఒక చిన్న పొట్లం కట్టుకున్నాం. అది మీడియావికీ మీదా, తెలుగు ఖతుల పొట్లం మీదా ఆధారపడుతుంది. మరో బడివారు అడిగినా ఇవ్వవచ్చునని మా ఆశ. పొట్లం వేసేటప్పుడూ తీసేటప్పుడూ యంత్రం మనిషిని ప్రశ్నలు అడగడానికి డెబ్‌కాన్ఫ్ అనే ఏర్పాటు ఉంది. ఆ ప్రశ్నలను తెలుగులో రాసే పని నాకు అప్పగించాడు మా వాడు. నమూనాగా తనే ఒకటి రాసి ఉంచాడు: “డేటాబేసును ప్రక్షాళన చేయాలా?”

నేను ఉలిక్కిపడ్డాను. డెబియన్‌లో పొట్లం తీయడానికి రెండు తీరులున్నాయి. మొదటిది తొలగింపు, అమరికలు అలాగే ఉంటాయి. రెండవది అమరికలతో సహా తుడిచిపెట్టడం. ఆ రెండవదానికి ఆంగ్లంలో ఉన్న మాటను నిఘంటువులో చూసి ‘ప్రక్షాళన’ అని పెట్టాడు. మన భాషలో ప్రక్షాళన అంటే కడగడం, శుభ్రం చేయడం. పాదప్రక్షాళన మనకు మర్యాద, పాపప్రక్షాళన పుణ్యం. వేసవి సెలవుల్లో ఏ ఉపాధ్యాయుడో ఆ ప్రశ్న చదివితే, శుభ్రం చేయడం మంచిదే కదా అని ‘అవును’ నొక్కుతాడు. నాలాంటివాడు తప్పక నొక్కుతాడు.

“ఒరే, ఇది తప్పు మాట కాదురా. అంతకంటె ప్రమాదం, మంచి మాట,” అన్నాను.

రెండు రోజులు తర్జనభర్జన పడి ఇలా మార్చాం: “పిల్లలు చేర్చిన మాటలు, బొమ్మలు, గొంతులు అన్నీ చెరిగిపోతాయి. మళ్లీ రావు. చెరిపివేయమంటారా?” ముందుగా ఎంపికై ఉండే జవాబు ‘వద్దు’. అక్షరాలు మాత్రమే చూపే నల్లని తెరమీద మన గుణింతాలూ ఒత్తులూ కుదురుకోలేదు. అందుచేత ఈ ప్రశ్న చిత్రరూపపు తెరమీదనే కనిపించేలా ఏర్పాటు చేశాడు.

ఇప్పుడు చాలామంది పొట్లాలు మాని, డాకర్ వంటి కంటెయినర్లలో మొత్తం సరంజామాను పెట్టెలా దించుతున్నారు. మా వాడి ఉద్యోగమూ అదే. అక్కడా కూడబెట్టినదాన్ని పెట్టె వెలుపల ఉంచకపోతే, పెట్టెను తీసేసిన నాడు అదీ పోతుందట. ఎంత బాగా కట్టినా పొట్లం వేరే ప్రతికి బదులు కాదని కూడా ఇప్పుడు నాకు తెలుసు. ప్రతి ఆదివారం పదకోశాన్ని మరో డిస్కులోకి నకలు తీసుకుంటున్నాను.

మా పదకోశంలో ‘దింపు’ అన్న పుట నేటికీ ఉంది. పిల్లలు రాసిన అర్థం ఉంది. దాని కింద గొంతుకు పెట్టిన లంకె కూడా ఉంది. నొక్కితే ఏమీ వినపడదు. ఆ లంకెను తీసేద్దామా మాస్టారూ అని మా వాడు రెండుసార్లు అడిగాడు.

వద్దన్నాను.